ఎల్‌ఈడీ టార్చిలైటు: వేడి, తయారీ నాణ్యత, బిలాస్‌పూర్ రాత్రులు

అరచేతిలో ఇమిడే లోహపు గొట్టం, లోపల ఒక లిథియం-అయాన్ సెల్లు, ముందు గోరంత ఎల్‌ఈడీ. దీపాల మీద మక్కువ ఉన్నవాళ్లు ఏరికోరి కొనుక్కునే నేటి టార్చిలైటు ఇంతే. ఇంత చిన్న వస్తువే వెయ్యి ల్యూమెన్ల కాంతి ఇస్తుంది. పాత రెండు సెల్లుల బల్బు టార్చి ఇచ్చింది ఇందులో అరవయ్యో వంతు కూడా ఉండదు. అయితే పెట్టె మీద అచ్చువేసే వెయ్యి అనే అంకె మొదటి నిమిషానిది. పదో నిమిషంలో ఎంత మిగిలిందన్నది ఎల్‌ఈడీ వెనకున్న లోహం, ఆ లోహాన్ని తాకే గాలి కలిసి తేలుస్తాయి. మే నెలలో పగటి ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటే రోజులుండి, రాత్రి ఎనిమిదికి కూడా గాలి 35 దగ్గర నిలిచే ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ లాంటి ఊళ్లో పెట్టె మీది అంకెకూ చేతిలోని కాంతికీ మధ్య దూరం మరీ ఎక్కువ. అందుకే ఈ వ్యాసం ఆ ఊరి గాలిని కొలబద్దగా తీసుకుంటుంది.

చేతి దీపాల ఊరు

బిలాస్‌పూర్‌ను రైల్వే పట్టణంగా నిలబెట్టింది బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే. 1887లో ఏర్పడిన ఆ కంపెనీ నాగ్‌పూర్ నుంచి బిలాస్‌పూర్ మీదుగా అసన్‌సోల్ దాకా తన ప్రధాన మార్గాన్ని 1891లో పూర్తిచేసింది. 1902లో తూర్పు తీర మార్గంలోని వాల్తేరు వైపు భాగం కూడా దాని చేతికే వచ్చింది. 1930ల మొదట్లో విజయనగరం-రాయ్‌పూర్ మార్గం పూర్తయ్యాక ఉత్తరాంధ్రకూ ఛత్తీస్‌గఢ్ మైదానానికీ మధ్య నేరుగా దారి పడింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి రైల్వే పనికి వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాలు బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లో తరాలుగా ఉన్నాయి. 1955లో ఆగ్నేయ రైల్వే కిందికి వచ్చిన ఈ ఊరు 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వేకు ముఖ్య కేంద్రం. సౌత్ ఈస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ ముఖ్య కార్యాలయమూ ఇక్కడే. రాత్రి పని, బొగ్గు ధూళి, మండే వేసవి, వీటి మధ్యే ఇక్కడి చేతి దీపం పనిచేయాలి.

రైల్వేలో చేతి దీపం అలంకారం కాదు, నిబంధన. రాత్రి వేళ గార్డు చేతిలోనైనా, పాయింట్స్‌మన్ చేతిలోనైనా ఎరుపు, ఆకుపచ్చ, తెలుపు చూపగలిగే దీపం ఉండాలి. గార్డును 2022 నుంచి ట్రైన్ మేనేజర్ అంటున్నారు. పేరు మారింది, దీపం అవసరం మారలేదు. రాత్రి గస్తీకి వెళ్లే పెట్రోల్‌మన్ సామగ్రిలో డిటొనేటర్లు, ఎర్ర జెండాలతో పాటు ఈ మూడు రంగుల దీపమూ ఉంటుంది. యార్డులోకి బండి వస్తున్నప్పుడు క్యారేజ్ సిబ్బంది పట్టాల పక్కన నిలబడి కదిలే చక్రాల మీదికి వెలుగు కొడతారు. వేలాడుతున్న బ్రేకు భాగం గానీ వేడెక్కిన యాక్సిల్ పెట్టె గానీ ఆ కొద్ది క్షణాల్లోనే పట్టుబడాలి. ఒకప్పుడు ఈ పనులన్నీ రంగు అద్దాలు తిప్పే కిరోసిన్ లాంతరుతో జరిగేవి. తర్వాత డ్రై సెల్లుల టార్చి, ఇప్పుడు ఎల్‌ఈడీ.

రైల్వే ఇచ్చే దీపాలు తక్కువ శక్తితో, నిలకడగా వెలిగేలా ఉంటాయి. ఔత్సాహికుల టార్చి స్వభావం వేరు. అది ముందు మెరుస్తుంది, తర్వాత తగ్గుతుంది. ఆ తగ్గడంలోనే అసలు కథంతా ఉంది.

వేడి ఎందుకు పుడుతుంది

పాత బల్బులో ఫిలమెంటు తన వేడిలో చాలా భాగాన్ని పరారుణ కిరణాలుగా ముందుకే చిమ్మేసేది. టార్చి గాజు వేడెక్కేది గానీ ఒళ్లు చల్లగా ఉండేది. తెల్ల ఎల్‌ఈడీ అలా చేయదు. గాలియం నైట్రైడ్ కుటుంబపు చిప్పు నీలి కాంతిని ఇస్తే, దాని మీది పసుపు ఫాస్ఫర్ పొర అందులో కొంత తీసుకుని మిగతా రంగులుగా మారుస్తుంది. 1990లలో ఈ నీలి చిప్పును వాడుకకు తెచ్చినందుకే అకసాకి, అమానో, నకమురలకు 2014 భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. ఈ చిప్పు కాంతిలో పరారుణం దాదాపు శూన్యం. కాబట్టి కాంతిగా మారని శక్తి అంతా చిప్పు వెనక్కే, లోహంలోకే పోవాలి.

లెక్క చూద్దాం. 18650 కొలత లిథియం-అయాన్ సెల్లు ఒక్కదానితో నడిచే మంచి టార్చిలో ఎల్‌ఈడీ సుమారు 10 వాట్లు తీసుకుని వెయ్యి ల్యూమెన్లు ఇస్తుందనుకుందాం. వెయ్యి ల్యూమెన్ల తెల్ల కాంతిలో ఉండే శక్తి 3 వాట్లకు కాస్త అటూ ఇటూ. మిగిలిన 7 వాట్లూ వేడే. చిన్న సోల్డరింగ్ ఐరన్ ఒకటి ఆ గొట్టంలో ఎప్పుడూ వెలుగుతున్నంత వేడి అది.

దీనికి డ్రైవర్ సర్క్యూటు తన వంతు కలుపుతుంది. సెల్లు వోల్టేజికీ ఎల్‌ఈడీకి కావలసిన వోల్టేజికీ మధ్య తేడాను సాదా లీనియర్ డ్రైవర్ వేడిగా కాల్చేస్తుంది. బక్, బూస్ట్ రకాలు ఆ పనిని కాయిల్‌తో చేసి శక్తిలో పదో వంతు పరిధిలోనే నష్టపోతాయి. చివర తోకలో ఉండే స్ప్రింగును ఎవరూ పట్టించుకోరు గానీ, 50 మిల్లీ ఓముల నాసి స్ప్రింగు గుండా 5 ఆంపియర్లు పోతే ఒకటింపావు వాట్లు అక్కడే బూడిద. అందుకే పనితనం తెలిసినవాళ్లు స్ప్రింగు మీదుగా పలుచని రాగి తీగ అతికిస్తారు. సోల్డరింగ్ వచ్చినవారికి ఇది చాలా చిన్న పని, ఫలితం మాత్రం కొలిస్తే కనబడుతుంది.

చిప్పు నుంచి చేతి దాకా

నాణ్యతను తేల్చే చోటు ఇదే. కొనేవారి కంటికి కనిపించనిదీ ఇదే.

చిప్పు కింద ఉండే లోహపు పలకతో దారి మొదలవుతుంది. చౌక దీపాల్లో అది అల్యూమినియం పలక. దానికీ ఎల్‌ఈడీకీ మధ్య విద్యుత్తును ఆపే పలుచని పొర ఉంటుంది. ఆ పొర విద్యుత్తుతో పాటు వేడినీ అడ్డుకుంటుంది. మంచి దీపాల్లో రాగి పలక వాడి, ఎల్‌ఈడీ నడుమనున్న ఉష్ణ ప్యాడ్‌ను ఆ పొర అడ్డం లేకుండా నేరుగా రాగికే టంకం పెడతారు. ఆ ప్యాడ్ విద్యుత్తుకు సంబంధం లేనిది కాబట్టి ఇది సాధ్యం. కొన్నేళ్లు ఔత్సాహికుల అభిమాన ఎల్‌ఈడీగా ఉన్న క్రీ కంపెనీ ఎక్స్ఎమ్-ఎల్2 లోపలి ఉష్ణ నిరోధం వాట్‌కు రెండున్నర డిగ్రీలు. అంటే 7 వాట్ల దగ్గర చిప్పు తన అడుగు కంటే 17 డిగ్రీల పైన ఉంటుంది. భరించదగిన తేడా అది.

ఆ తర్వాతి మెట్టు దగ్గరే చాలా దీపాలు తప్పుతాయి. పలక కింద టార్చి ఒంటితో ఏకంగా చెక్కిన మందపాటి అరుగు ఉండాలి. దాని బదులు కొన్నిటిలో మర తిప్పి బిగించే విడి ఇత్తడి ముక్క ఉంటుంది. మరల సందుల్లో గాలి ఉంటుంది. గాలి ఉష్ణ వాహకత మీటరుకు, డిగ్రీకి 0.026 వాట్లు. అల్యూమినియం 6061 మిశ్రమానిది సుమారు 167. 20 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న పలక కింద ఒక మిల్లీమీటరులో పదో వంతు గాలి పొర మిగిలిందనుకోండి. వాట్‌కు 12 డిగ్రీల అడ్డు పడుతుంది. 7 వాట్లకు 85 డిగ్రీలు! అదే సందును మామూలు థర్మల్ పేస్టుతో నింపితే తేడా ఒక డిగ్రీలోపే. ఎల్‌ఈడీ మాడ్యూల్‌ను విడిగా మార్చుకునే పాత పీ60 కొలత దీపాల్లో ఆ మాడ్యూల్ చుట్టూ రాగి రేకు చుట్టి గట్టిగా దూర్చే అలవాటు పుట్టింది ఈ గాలి సందు వల్లే.

ఇందులోంచి కొనేవారికి పనికొచ్చే పరీక్ష ఒకటి వస్తుంది. వెయ్యి ల్యూమెన్లు ఇస్తున్నట్టు చెప్పుకునే టార్చి రెండు మూడు నిమిషాలైనా చల్లగానే ఉంటే సంతోషించకూడదు. దానికి రెండే కారణాలు. చెప్పినంత కాంతి అందులో లేకపోవచ్చు, లేదా వేడి చిప్పు దగ్గరే ఇరుక్కుపోయి ఉండవచ్చు. రెండో రకంలో ఒళ్లు 40 డిగ్రీల దగ్గర ఉండగానే చిప్పు తయారీదారు గీసిన 150 డిగ్రీల గీత వైపు ఎగబాకుతుంది. ఫాస్ఫర్ సామర్థ్యం పడిపోతుంది, రంగు మారుతుంది, దీపం ఆయుష్షు తరుగుతుంది. మంచి టార్చి వేడెక్కాలి, ముందుగా తల దగ్గర, ఆ వెంటనే గొట్టమంతా.

తొట్టి, తూము

టార్చి ఒళ్లు ఒక నీళ్ల తొట్టి అనుకుంటే, ఎల్‌ఈడీ దాన్ని నింపే కొళాయి, గాలిని తాకే పైతలం అడుగున ఉన్న తూము. లోహం ఎంత ఎక్కువైతే తొట్టి అంత పెద్దది. తూము మాత్రం విస్తీర్ణాన్ని బట్టి, బయటి గాలిని బట్టి ఉంటుంది. ఈ రెండిటినీ కలిపేసి మాట్లాడటం వల్లే మార్కెట్లో ఇంత అయోమయం.

ముందు తొట్టి. 100 గ్రాముల అల్యూమినియం ఒక డిగ్రీ వేడెక్కడానికి 90 జౌళ్లు కావాలి. సెకనుకు 7 జౌళ్ల చొప్పున వస్తే 13 సెకన్లకు ఒక డిగ్రీ. చేతికి ఓర్చుకోదగిన హద్దు 55 డిగ్రీలు అనుకుందాం. నిజానికి 44 డిగ్రీల లోహాన్నైనా చాలాసేపు పట్టుకుంటే చర్మానికి హాని ఉంది, 60 డిగ్రీల లోహం 5 సెకన్లలోనే కాలుస్తుంది. జనవరి రాత్రి బిలాస్‌పూర్‌లో గాలి 15 డిగ్రీలుంటే ఆ హద్దుకు 40 డిగ్రీల ప్రయాణం, సుమారు తొమ్మిది నిమిషాలు. మే నెల రాత్రి 35 దగ్గర మొదలైతే 20 డిగ్రీలే, నాలుగున్నర నిమిషాలు కూడా పట్టదు. సెల్లు కొంత వేడిని పీల్చుకుంటుంది, గాలి కొంత తీసుకుంటుంది. కాబట్టి అసలు సమయాలు దీనికంటే ఎక్కువే ఉంటాయి, వేసవిలో త్వరగా నిండుతుందన్నది మాత్రం మారదు.

ఇక తూము. అటువంటి టార్చి పైతలం సుమారు 100 చదరపు సెంటీమీటర్లు. కదలని గాలిలో సంవహనం, వికిరణం కలిపి డిగ్రీకి పదో వంతు వాట్ బయటికి పోతుంది. మేలో ఒంటికీ గాలికీ 20 డిగ్రీల తేడా ఉంటే 2 వాట్లు. జనవరిలో 40 డిగ్రీల తేడాకు 4 వాట్లు. అంటే అదే టార్చి, అదే చెయ్యి, కానీ తక్కువ కరెంటులో ఎల్‌ఈడీ పొదుపు పెరిగినా నిలకడగా ఇవ్వగల కాంతి చలికాలంలో సుమారు 700 ల్యూమెన్లు, వేసవిలో సుమారు 400. పెట్టె మీద మాత్రం రెండు కాలాలకూ వెయ్యే.

ఈ లెక్కలోంచి ఔత్సాహికులు తరచూ పొరబడే సంగతి ఒకటి తేలుతుంది. రాగి ఒళ్లు చేయించుకుంటే టార్చి చల్లగా ఉంటుందని చాలామంది నమ్మకం. రాగి వాహకత దాదాపు 390, నిజమే. అదే కొలతలో చేస్తే అల్యూమినియం కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు వేడి నిలవ చేసుకోగలదు, అదీ నిజమే. బరువు మాత్రం మూడు రెట్లు దాటుతుంది. రాగి పెంచేది తొట్టిని మాత్రమే, తూము అంతే ఉంటుంది. మొదటి దశ కొన్ని నిమిషాలు సాగుతుంది, పావుగంట తర్వాత వెలుగు అల్యూమినియం దానితో సమానం. టైటానియం కథ ఇంకా తేటగా ఉంటుంది. విమానాల్లో వాడే టైటానియం మిశ్రమం వాహకత 7 లోపు, స్టెయిన్‌లెస్ స్టీలుది 15 ప్రాంతం. చూడముచ్చటైన లోహం, తుప్పు పట్టదు. కానీ తల మండుతుంటే తోక చల్లగా ఉంటుంది. పైతలంలో సగం పనే చేయదు. బిలాస్‌పూర్ వేసవికి టైటానియం టార్చి కొనమని ఎవరికీ చెప్పలేం.

తూమును పెంచే మార్గాలు కొన్ని ఉన్నాయి. తల చుట్టూ గాడులు చెక్కితే విస్తీర్ణం పెరుగుతుంది. అవి మరీ దగ్గరగా ఉంటే కదలని గాలి మధ్యలో చిక్కుకుని లాభం సగమవుతుంది. నడుస్తున్నప్పుడు తగిలే గాలి కదలని గాలికంటే చాలా మేలు. పట్టాల వెంట నడిచే మనిషి చేతిలోని దీపం బల్ల మీద పెట్టిన దీపం కంటే ఎక్కువసేపు వెలుగు నిలుపుతుంది. చెయ్యి కూడా సహాయమే. లోపల పారే రక్తం వేడిని మోసుకుపోతుంది.

అన్నిటికంటే తక్కువ పేరు పొందినది పైపూత. నునుపైన ఉత్త అల్యూమినియం ఉద్గారత పదో వంతు లోపు. ఆనొడైజ్ చేసిన తలానిది 0.8 దాకా. కదలని గాలిలో వికిరణం పెద్ద భాగస్వామి కాబట్టి, మెరిసే పాలిష్ టార్చి కంటే మసక రంగు ఆనొడైజ్ టార్చి చల్లగా నడుస్తుంది. ఇందులో నలుపుకు ప్రత్యేకత ఏమీ లేదు. పరారుణంలో ఆనొడైజింగ్ అన్ని రంగుల్లోనూ దాదాపు ఒకటే.

కాంతిని తగ్గించే తీరు

తొట్టి నిండకముందే కొళాయి కట్టాలి. ఇందుకు పాత పద్ధతి గడియారం. రెండు మూడు నిమిషాలు కాగానే వేడి ఉన్నా లేకపోయినా వెలుగు పడిపోతుంది. చలికాలంలో అనవసరంగా తగ్గుతుంది, వేసవిలో చాలీచాలకుండా తగ్గుతుంది. మేలైన పద్ధతి డ్రైవర్ మీద ఉష్ణోగ్రత కొలిచే చిప్పు పెట్టి, నిర్ణయించిన హద్దు దగ్గర కాంతిని మెల్లగా సర్దడం. ఆండురిల్ వంటి బహిరంగ ఫర్మ్‌వేర్లలో ఆ హద్దును వాడేవారే మార్చుకోవచ్చు. బిలాస్‌పూర్ పరిస్థితికి ఈ సౌకర్యం చాలా విలువైనది. ఎందుకంటే 45 డిగ్రీల హద్దు పెట్టిన దీపం మే పగటి ఎండలో వెలిగించగానే తన హద్దు దాటినట్టే లెక్క. సొరంగం తనిఖీకి తీసుకెళ్తే కనీస కాంతికి జారిపోతుంది. ఆ నెలల్లో 50-55కి పెంచడం సబబు, పిల్లల చేతికి ఇవ్వకుండా.

కాంతి నెమ్మదిగా సగమైతే కన్ను దాదాపు గుర్తించదు. తయారీదారులు ఈ సంగతిని బాగా వాడుకున్నారు. అమెరికా తయారీదారుల ఎఫ్ఎల్1 ప్రమాణం 2009లో వచ్చింది. అంతకుముందు ఎవరికి తోచిన అంకె వాళ్లు వేసేవారు కాబట్టి అది పెద్ద ముందడుగే. దాని ప్రకారం ల్యూమెన్లను దీపం వెలిగించిన 30 సెకన్లకూ 2 నిమిషాలకూ మధ్య కొలుస్తారు. సెల్లు నడిచే కాలాన్ని మాత్రం ఆ కాంతి పదో వంతుకు పడేదాకా లెక్కిస్తారు. ఫలితంగా మూడు నిమిషాలు వెయ్యి, ఆ పైన గంటల తరబడి 150 ఇచ్చే దీపం పెట్టె మీద వెయ్యి ల్యూమెన్లు, పది గంటలు అని పక్కపక్కన వేసుకోవచ్చు. అబద్ధమేమీ లేదు, కొన్నవాడికి నిజమూ తెలియలేదు. కాంతి-కాలం గీతను పెట్టె మీద ముద్రించే తయారీదారును నమ్మవచ్చు. ముద్రించని చోట 30 డిగ్రీలకు పైబడిన గదిలో పది నిమిషాలు వెలిగించి చూడటం మినహా మార్గం లేదు.

ఎరుపు సంగతి వేరు

మూడు రంగుల దీపాలకు ఇంకో చిక్కు ఉంది. ఎరుపును ఇచ్చే చిప్పు పదార్థం వేరు, అల్యూమినియం-ఇండియం-గాలియం ఫాస్ఫైడ్. 100 డిగ్రీల దగ్గర నీలి చిప్పు కాంతిలో పదో వంతో, ఇంకాస్తో కోల్పోతే, ఎర్ర చిప్పు మూడో వంతుకు పైగా కోల్పోతుంది. రంగు కూడా ఇంకా ముదురు వైపు జరిగి కంటికి మరింత మసకగా తోస్తుంది. బండిని ఆపవలసిన రంగే వేడికి ముందు లొంగిపోతుందన్నమాట. సంకేత దీపాలను తక్కువ కరెంటుతో నడపడానికి ఇది గట్టి కారణం. వెయ్యి ల్యూమెన్ల తెల్ల టార్చి ముందు ఎర్ర ప్లాస్టిక్ మూత తగిలించి అదే సంకేతమనుకోవడం ప్రమాదం. మూత చాలా కాంతిని మింగేస్తుంది, ఆ మింగిన కాంతికి తానే వేడెక్కుతుంది.

బొగ్గు గనుల దీపాలకు అదనపు హద్దు ఉంది. బొగ్గు ధూళి పేరుకునే చోట వాడే పరికరం పైతలం 150 డిగ్రీలు దాటకూడదన్నది అంతర్జాతీయ నియమం. మీథేన్ ఉండే చోటికి ఆమోదం పొందిన క్యాప్ ల్యాంపు తప్ప ఏ ఔత్సాహిక టార్చీ పోకూడదు.

చేతికి తెలిసే నాణ్యత

వేడి దారి బాగున్న దీపంలో మిగతా పనితనమూ సాధారణంగా బాగుంటుంది. మరలు చతురస్రాకారంగా, లోతుగా చెక్కి ఉంటే చేతికే తెలుస్తుంది. ఇసుక రాసినట్టు గరగరమనవు. తోక మరలకు ఆనొడైజింగ్ ఉంటే పావు చుట్టు వదులు చేసి సర్క్యూటు తెంచవచ్చు, సంచిలో దానంతటది వెలగదు. మూడో రకం గట్టి ఆనొడైజింగ్ పొర 25 నుంచి 50 మైక్రాన్లు. యార్డు కంకర మీద పడినా అంత తేలిగ్గా తెల్లగా లేవదు. ఓ-రింగు రెండు వరుసలుంటే మేలు, సిలికాన్ గ్రీజు ఏడాదికి ఒకట్రెండుసార్లు రాయాలి. పెట్రోలియం గ్రీజు కొన్ని రబ్బర్లను ఉబ్బిస్తుంది.

ఐపీఎక్స్8 అని రాసి ఉంటే చాలామంది ధూళికీ భయం లేదనుకుంటారు. ఆ ఎక్స్ అర్థం ధూళి పరీక్షకు అంకె ఇవ్వలేదని. బొగ్గు వాగన్లు రోజంతా తిరిగే ఊళ్లో ఐపీ68 అని పూర్తిగా రాసి ఉన్నదే వెతకాలి. నల్ల ధూళి మరల్లో చేరితే ఆనొడైజింగ్‌ను కూడా మెల్లగా అరగదీస్తుంది. బిలాస్‌పూర్ బుధ్వారీ బజార్ లాంటి చోట్ల దొరికే చౌక ప్లాస్టిక్ రీచార్జి టార్చిలో ఈ సమస్యలేవీ రావు, అంత కాంతీ రాదు. ప్లాస్టిక్ వాహకత 0.2 కాబట్టి తయారీదారు ఎల్‌ఈడీని ఒక వాట్ దగ్గరే ఆపక తప్పదు. ఆ పరిధిలో వాడుకుంటే అది నిజాయితీ గల వస్తువే. దాని మీద పది వేల ల్యూమెన్లని అచ్చేసినప్పుడే మోసం మొదలవుతుంది.

సెల్లు

వేడికి చివరి బాధితురాలు సెల్లు. చాలా లిథియం-అయాన్ సెల్లులకు వాడకంలో హద్దు 60 డిగ్రీలు, చార్జింగులో 45. బిలాస్‌పూర్ మే మధ్యాహ్నం రేకుల షెడ్డులో చార్జర్ పెడితే ఆ రెండో హద్దు గదిలోనే దాటిపోతుంది. ఎండలో ఆగిన కారులో సెల్లు నిండా చార్జితో వదిలేయడం దాని సామర్థ్యాన్ని శాశ్వతంగా తినేస్తుంది. తెల్లవారుజామున చార్జి పెట్టడం, వాడని సెల్లును సగం చార్జిలో, 3.7 వోల్టుల ప్రాంతంలో, ఇంట్లో చల్లటి మూలన ఉంచడం ఇక్కడ పాటించవలసిన పద్ధతి. మనదేశంలో ఇలాంటి సెల్లులకు ఐఎస్ 16046 కింద బీఐఎస్ నమోదు తప్పనిసరి. 18650 కొలతలో పేరున్న కంపెనీల సెల్లులు చాలాకాలంగా 3500 మిల్లీ ఆంపియర్-గంటల చుట్టుపక్కలే ఉన్నాయి. 9900 అని రాసిన సెల్లు చేతికి ఇస్తే తూచి చూడవచ్చు. అసలైనది 45 గ్రాములకు అటూ ఇటూ తూగుతుంది, అంకెలు పెంచిన నకిలీ చాలాసార్లు దానికంటే బాగా తేలిక.